వెనకింటి పిన్నిగారి బాయిలర్

మా వెనకింటి పిన్నిగారు పోయారన్న కబురు నాకు నందిగామ బస్సులో ఉండగా తెలిసింది. రాత్రి చుట్టాలింట్లో ఉండి, అక్కడినుంచే బడికి వెళ్తున్నాను. మా వీధి మొదట్లో ఉండే ఒకావిడ ఫోన్ చేసి, "తెల్లారుతుండగా పోయారండీ పిన్నిగారు, నిద్రలోనే," అంది. "పోన్లెండి, పుణ్యస్త్రీగా వెళ్ళిపోయింది. ఇకనైనా డాబా మీద ఆరేసిన బట్టలకి మసి పట్టకుండా ఉంటుంది," అని కూడా అంది, అదే గొంతుతో, అదే గుక్కలో. ఫోన్ పెట్టేసి చెయ్యి చీర కొంగుకి తుడుచుకున్నాను. ఏదో జిడ్డు అంటుకున్నట్టనిపించింది. చిల్లకల్లు దగ్గర దిగిపోయి జగ్గయ్యపేట వెళ్ళే ఆటో ఎక్కాను.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మనసు మెత్తబడుతుందంటారు. నాకు మెత్తబడటం లేదు. ఆవిడ తలపుకొస్తే కళ్ళు తడుస్తున్నాయి, నిజమే, కానీ ఆ వెంటనే మా వీధి తలపుకొచ్చి అసహ్యం పుడుతోంది. రెంటినీ విడదీసి రాయడం నా వల్ల కాలేదు. అసలు అసహ్యించుకోవడం నాకు నేర్పిందే ఆవిడ. కాబట్టి ఇలాగే రాస్తాను, చదివేవాళ్ళు ఏమీ అనుకోకండి.

మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకే గోడ. గోడకి అవతల వాళ్ళ దొడ్డి, ఆ దొడ్డికి ఒక పక్క సందు. సందు వైపు నడుమెత్తు పిట్టగోడ వారగా, రేకు పంచ కింద, వాళ్ళ రాగి బాయిలర్ ఉంటుంది. ఇప్పటి పిల్లలు చూసి ఉండరు కనక చెబుతున్నాను. మనిషి నడుం ఎత్తున నిలబడే రాగి పీపా అది. నడిమధ్యలో పైనుంచి కిందదాకా ఒక గొట్టం. ఆ గొట్టంలో పైనుంచి పుల్లలు వేసి అంటిస్తే చుట్టూ ఉన్న నీళ్ళు కాగుతాయి. బూడిద అడుగున ఉన్న ఇనప చువ్వల సందుల్లోంచి కిందికి రాలుతుంది. పక్కనున్న కొళాయి తిప్పితే బకెట్లోకి మరిగే నీళ్ళు. ఇంట్లోకి పొగ రాకూడదని దాన్ని దొడ్లో పెట్టుకున్నారు. దాని నోరు పైకి తెరుచుకుని, సందులో నడిచే ప్రతివాడి చేతికీ అందేట్టు ఉండేది. అదే వచ్చిన చిక్కు. తెరిచి ఉన్న నోరు కనిపిస్తే మా వీధి జనానికి చేతులు ఊరుకోవు.

ఆవిడ మాత్రం దాంట్లో పత్తికట్టె తప్ప వేసేది కాదు, అది చాలకపోతే కొబ్బరి మట్టలు. వత్సవాయిలో వాళ్ళ తమ్ముడి పొలంలో పత్తి ఏరడాలు అయిపోయాక ట్రాక్టర్ నిండా కట్టె వచ్చి దిగేది. పురుగుమందు కొట్టిన కట్టె అని వెంటనే అంటించనిచ్చేది కాదు. ఒక వానకి తడవాలి, మళ్ళీ గలగలమని ఎండాలి. అప్పుడు మోకాలికి ఆనించి ఫట్ ఫట్ మని విరిచి, ఒక సైజు మోపులు కట్టి, పంచ కింద పేర్చేది. ఆ పుల్లల మీద తెల్లటి సన్నటి పొగ లేచేది. ఆ పొగ చూసి ఆవిడ తృప్తిపడేది. "పొగ రంగు చూసి ఆ ఇంట్లో మనుషులు ఎట్టాంటోళ్ళో చెప్పేస్తా అమ్మాయ్," అనేది. నేను నవ్వేదాన్ని. ఇప్పుడు పొద్దున్నే డాబా ఎక్కి చూస్తే నేనూ చెప్పేస్తున్నాను.

ఆవిడతో నా మొదటి మాట తగువుతోనే మొదలైంది. పెళ్ళయి ఆ ఇంటికొచ్చిన కొత్తలో, గంజి పెట్టి ఆరేసిన తెల్ల చీర మీద నల్లటి చుక్కలు పడ్డాయి. వేలితో తుడిస్తే జిగటగా సాగింది. గోడ దగ్గరికి వెళ్ళి, "మీ పొగ వల్ల నా చీర పాడైందండీ," అన్నాను. ఆవిడ చీరని అటునుంచే అందుకుని, ఆ చుక్క వాసన చూసి, మొహం చిట్లించింది. "కట్టె మసి దులిపితే రాలిపోద్దమ్మా. ఇది కవరు మసి. ఎవడో దాటుకుంటా వేసిపోయాడు. ఛీ," అంది. తర్వాత నా ఎదురుగానే పట్కారు బాయిలర్ నోట్లో పెట్టి, సగం కాలి ముడుచుకుపోయిన చిప్స్ కవరు బయటికి లాగింది. చీర తీసుకెళ్ళి కిరసనాయిలుతో తుడిచి, ఉతికి, ఇస్త్రీ చేయించి పంపింది. ఆ చీర ఇంకా ఉంది.

"ఛీ" అనే మాటని ఆవిడ అన్నట్టు ఎవరూ అనలేరు. పళ్ళ మధ్యనుంచి, గొంతు పెంచకుండా, అన్నంలో రాయి తగిలినప్పటి మొహంతో అనేది. మనుషుల్ని ఎప్పుడూ అనలేదు, అది గమనించాను. చేసిన పనినే అనేది. ఆ పని చేసిన మనిషి ఎదురుగా ఉంటే "అండీ" అని గౌరవంగానే మాట్లాడేది, అదే వాళ్ళకి ఎక్కువ మంటగా ఉండేది.

ఎందుకంటే ఆవిడ దొరికినదాన్ని ఊరికే పారెయ్యదు. ఎవరిదో కనుక్కుంటుంది. మా వీధిలో ఎవరింటికి ఏ పాల కవరు వస్తుందో ఆవిడకి తెలుసు. ఎవరు బిర్యానీ తెప్పించుకుంటారో, ఎవరి పిల్లలు ఏ చాక్లెట్ తింటారో తెలుసు. కొరియర్ కవరైతే పేరు, ఇంటి నంబరు దానిమీదే ఉంటాయి. పట్కారుతో పట్టుకుని, చెయ్యి చాపి ఒంటికి తగలకుండా, వీధి వెంట నడుచుకుంటూ వాళ్ళ గుమ్మం దగ్గరికెళ్ళి బెల్లు కొట్టేది. తలుపు తీసినవాళ్ళతో ఒకటే మాట. "మీ వస్తువండీ. మా బాయిలర్లో పడింది." ఇచ్చేసి వచ్చేసేది. తిట్టు లేదు, తగువు లేదు.

ఒకసారి పసిపిల్లల డైపర్ దొరికింది. అది కాలదు, ఉడుకుతుంది. ఆ కంపు ఎలాంటిదో రాయను, అన్నం తినే వేళ చదివేవాళ్ళుంటారు. అది ఎవరింటిదంటే, ఆ వారమే బడిపిల్లల్ని వరసగా నిలబెట్టి ఊరు శుభ్రంగా ఉంచుతామని చేతులు చాపించి ప్రమాణం చేయించిన ఒక పెద్దమనిషి ఇంటిది. పిన్నిగారు దాన్ని ఒక విస్తరాకులో పెట్టుకుని వెళ్ళింది. ఆయన గేటు దగ్గరే ఎవరితోనో మాట్లాడుతున్నాడు. "మీ వస్తువండీ," అంది ఈవిడ. "మాదని ఏంటమ్మా గ్యారంటీ?" అన్నాడాయన. "వీధిలో మీ మనవడొక్కడే గదండీ పసివాడు," అని విస్తరాకు గేటు దిమ్మ మీద పెట్టి, వెనక్కి తిరిగి వచ్చేసింది. మర్నాటినుంచి ఆయన మా పిన్నిగారికి నమస్కారం పెట్టడం మానేశాడు. ఆవిడ ఆ సంగతి గమనించినట్టు కూడా లేదు.

ఇలాంటప్పుడు మా బాబాయిగారు, అంటే పిన్నిగారి భర్త, ఇంట్లో కనిపించేవారు కాదు. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. బస్సులో ఎన్ని గొడవలు తీర్చారో గానీ వీధిలో ఆయన గొంతు ఎవరూ వినలేదు. ఆవిడ పట్కారు పుచ్చుకుని గుమ్మం దిగగానే ఆయన వెనక గదిలోకెళ్ళి, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చునేవారు. "పరువు తీస్తోందమ్మా," అని నాతో గోడ దగ్గర గుసగుసగా అనేవారు. "నలుగురిలో తిరగాలా వద్దా నేను?" వీధిలో ఎవరైనా ఆవిడ గురించి నవ్వుతూ ఏదైనా అంటే ఆయన కూడా నవ్వేసేవారు. అప్పుడు ఆయన్ని చూసినా నాకు చీదర పుట్టేది.

నా కూతురు పుట్టినప్పటి సంగతి చెప్పకపోతే ఈ రాత అబద్ధమైపోతుంది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. పురిటికి నాకు పుట్టిల్లు లేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే పిన్నిగారు గోడ మీదనుంచి, "పురుడు రోజు నుంచి నీళ్ళు నేను పోస్తా. నువ్వు ఏమీ అనుకోమాక," అంది. అడగలేదు, చెప్పింది. దొడ్లో పీట వేసి నన్ను కూచోబెట్టి, నడుము మీద చెంబుతో సన్నగా ధార కట్టి పోసేది. ఆ వేడికి ఎముకల్లోని నొప్పి కరిగిపోయేది. తర్వాత కాళ్ళు చాపుకుని, వాటిమీద పిల్లని పడుకోబెట్టుకుని నూనె రాసేది.

మొదటి రోజే, పిల్ల ఆవిడ కాళ్ళ మీద ఉండగానే, బాయిలర్ మీద పొగ నల్లబడింది. సందులో ఎవరో దాటుకుంటూ పోయిన అడుగుల చప్పుడు. ఆవిడ ముక్కుపుటాలు అదిరాయి. పిల్లని తువ్వాలులో చుట్టి నా చేతికిచ్చి, పట్కారు తీసుకుని, కాలుతున్న కవరు లాగేసింది. అంతటితో ఆగలేదు. కొళాయి తిప్పి, కాగిన నీళ్ళన్నీ కొబ్బరిచెట్టు మొదట్లోకి వదిలేసింది. మా అత్తగారు, "నీళ్ళకేమైంది వదినగారూ, నీళ్ళు నీళ్ళేగా. పొగ వాటిలోకి పోదు గదా," అంది. "పోదు. నాకు తెలుసు," అంది పిన్నిగారు. "కానీ ఈ కంపులో పసిదానికి మొదటి నీళ్ళు పోస్తానా? నిప్పు కూడా నోరేనండీ. మనం తినంది దానికెందుకు పెట్టాలి?" మళ్ళీ నీళ్ళు నింపి, మళ్ళీ పత్తికట్టె పేర్చి, మళ్ళీ అంటించింది. నేను పసుపు పూసుకుని, తడి బట్టలతో, ఏడుస్తున్న పిల్లని పట్టుకుని ఎదురుచూస్తూ కూచున్నాను. ఆవిడ మీద నాకు విసుగు పుట్టింది. తర్వాత తెల్లపొగ లేచింది. నీళ్ళు పోసి, సాంబ్రాణి వేసి, పిల్ల జుట్టు ఆ పొగ మీద ఆరబెట్టి నా ఒళ్ళో పెట్టింది. ఆ వాసన ఇన్నేళ్ళయినా నా ముక్కుకి గుర్తుంది. అమ్మ ఉంటే ఎలా ఉండేదో నాకు తెలియదు గానీ, ఇలాగే ఉండేదని అనుకుంటూ ఉంటాను.

ఒక్క నాకే కాదు. ఆ వీధిలో ఏ పిల్లకి పురుడొచ్చినా నీళ్ళు అక్కడివే. కార్తీక మాసంలో తలస్నానాలకి బకెట్లు వరసలో ఉండేవి. ఎవరింట్లో చావు జరిగినా, శ్మశానం నుంచి వచ్చినవాళ్ళకి సందు తలుపు దగ్గర వేణ్ణీళ్ళు పెట్టి ఉంచేది. ఆ నీళ్ళతో ఒళ్ళు కడుక్కుని వెళ్తూ వెళ్తూ గుట్కా పొట్లం బాయిలర్లో వేసినవాడిని నేను కళ్ళారా చూశాను. నాకు ఇప్పటికీ అర్థం కాదు. చెత్త బండి పొద్దున్నే పాట పెట్టుకుని గుమ్మం ముందుకొస్తుంది. దానిదాకా నాలుగడుగులు వెయ్యలేరు, ఇంకొకరి పొయ్యి దాకా మాత్రం నడుస్తారు.

కొన్నేళ్ళకి అందరూ గీజర్లు పెట్టించుకున్నారు. బకెట్ల వరస పోయింది. అప్పుడే వీధికి పొగ వాసన తెలిసొచ్చింది. నలుగురూ కలిసి సంతకాలు పెట్టి వార్డు ఆఫీసులో కాగితం ఇచ్చారు. ఆ సంతకాల్లో ఆవిడ చేతి నీళ్ళు పోసుకోని బాలింత ఒక్కతి కూడా లేదు. ఎంక్వయిరీకి వచ్చిన అమ్మాయిని పిన్నిగారు కుర్చీ వేసి కూచోబెట్టి, మజ్జిగ ఇచ్చి, ఆ వారంలో బాయిలర్లోంచి తీసినవన్నీ చూపించింది. కరిగి ముద్దలయిన కవర్లు, సగం కాలిన చెప్పు, మందుబిళ్ళల రేకులు. "ఇయ్యి నావి కాదమ్మా. ఇయ్యి ఆపండి, నా పొగకి మీరేం శిక్ష వేసినా వెయ్యండి," అంది. ఆ అమ్మాయి మజ్జిగ తాగలేకపోయింది. ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

మైలవరంలో ఉన్న కూతురు తల్లికి కూడా ఒక గీజర్ కొనిచ్చింది. అది స్నానాల గదిలో గోడకి వేలాడుతూ ఉండేది. దాని గొట్టానికి ఆవిడ తువ్వాలు ఆరేసుకునేది, అది వచ్చిన అట్టపెట్టెలో కొబ్బరి పీచు దాచుకునేది. "కరెంటు నీళ్ళు ఒంటికి అంటవు," అనేది. అంటవంటే ఏమిటని అడిగితే మళ్ళీ అదే మాట అనేది.

కిందటేడు దగ్గు మొదలైంది. విజయవాడలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూసి, "ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా?" అని అడిగాడట. అంతే, ఆ ఒక్క ప్రశ్న మా వీధంతా పాకింది. "మేం ముందే చెప్పాంగా" అని ప్రతి గుమ్మంలోనూ ఒకటే సంతోషం. మనిషి ఊపిరి అందక పక్కకి ఒత్తిగిలి కూచుంటే, తమ మాట నెగ్గిందని మొహాలు వికసించినవాళ్ళని చూశాను. కట్టె పొగ వల్ల ఏమీ కాదని నేను అనను. బాయిలర్ పక్కన అన్నేళ్ళు కూచున్న మనిషి. నాకు తెలిసినంతలో అదీ కారణం కావచ్చు. కానీ ఆ ఊపిరితిత్తుల్లోకి వెళ్ళినదాంట్లో ఎవరెవరి వాటా ఎంతో ఏ ఫిల్ములో కనిపిస్తుంది?

ఆవిడతోనే అన్నాను ఆ మాట. పంచ కింద మంచం మీద కూచుని ఉంది. దగ్గు ఆగాక, "కట్టె పొగ మంచిదని నేనెప్పుడన్నా అన్నానా?" అంది. "పొగ పొగే. నా పొగ నేను పీల్చా, దానికి నాకేం బాధ లేదు. వాళ్ళది కూడా నాకే ఎందుకని అడుగుతున్నా." బాయిలర్ వైపు చూస్తూ, "అమ్మాయ్, నా ఆఖరి నీళ్ళు దీంట్లోనే కాచాలి. పత్తికట్టెతో. దాంట్లో ఒక్క కవరు ముక్క పడిందా, లేచి కూచుంటా," అంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. "మా ఆయనకి చెప్పినా లాభం లేదు. నలుగురిలో నోరు పెగలదు. కూతురు ఏడుస్తా కూచుంటది. నువ్వు చూడు."

"చూస్తా పిన్నిగారూ," అన్నాను.

ఆవిడ పోయిన రోజు ఆటో దిగి సందులోకి తిరిగేసరికే నాకు వాసన తగిలింది. ఇంటి ముందు టెంటు, కుర్చీలు, వీధి వీధంతా. ఫోన్ చేసినావిడ ముందు వరసలో కూచుని, పిన్నిగారి ఫోటో తన వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంటోంది. పక్కావిడకి చూపించి, దండం బొమ్మలు ఎన్ని పెడితే బాగుంటుందో అడుగుతోంది. నేను నేరుగా దొడ్లోకి వెళ్ళాను. బాయిలర్ మీద నల్లటి పొగ ముద్దలు ముద్దలుగా లేస్తోంది. మైలవరం అల్లుడుగారూ, ఇంకో ఇద్దరూ దాని చుట్టూ ఉన్నారు. త్వరగా కాగాలని బండిలోంచి పెట్రోలు తీసి పోశారు. పైన పూలదండలు వచ్చిన కవర్లు, అందరూ కాఫీ తాగి పారేసిన కప్పులు, కొత్త చీర వచ్చిన కవరు, అన్నీ కుక్కారు. కట్టె మోపులు పంచ కింద పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. వాటిని విరవడానికి ఎవరికీ ఓపిక లేకపోయింది.

పాపం, వాళ్ళు చెడ్డ ఉద్దేశంతో చెయ్యలేదు. అత్తగారికి బాయిలర్ అంటే ఇష్టమని, ఆఖరి నీళ్ళు అందులోనే కాచాలని అల్లుడుగారే పట్టుబట్టాడట. ఆవిడకి ఇష్టమైనదాన్ని గుర్తుపెట్టుకుని, ఆవిడ జీవితమంతా దేన్ని చీదరించుకుందో దాంతోనే నింపారు. ఇలాంటి గౌరవం మా వాళ్ళే చెయ్యగలరు.

"ఈ నీళ్ళు పనికిరావండీ, వదిలెయ్యండి," అన్నాను.

"అదేంటండీ, కాగినాయి గదా. వర్జ్యం వచ్చేలోగా ఎత్తాలని పంతులుగారు చెప్పారు," అన్నాడు అల్లుడు.

"పత్తికట్టెతో మళ్ళీ కాచాలి. నాతో చెప్పి పోయారావిడ."

అప్పటికి వీధి సగం దొడ్లోకి వచ్చింది. పెట్రోలు కంపు, కాలిన ప్లాస్టిక్ కంపు, వాటిమీద మల్లెపూల వాసన, ఇవన్నీ కలిసి మొహాన కొట్టాయి. "నీళ్ళకేమైందమ్మా, పొగ నీళ్ళలోకి పోదుగా," అన్నారెవరో. "పోయిన మనిషికి ఏం తెలుస్తుందండీ," అన్నారు ఇంకొకరు. "ఈవిడకేంటి మధ్యలో, చుట్టమా పక్కమా," అన్న మాట కూడా వినిపించింది. ఆ పెద్దమనిషి, డైపర్ పెద్దమనిషే, ముక్కుకి జేబురుమాలు పెట్టుకుని, "ఈ పొగ పెద్ద న్యూసెన్సు," అన్నాడు. పొగ నీళ్ళలోకి పోదని నాకూ తెలుసు. బడిలో పిల్లలకి చెప్పేది సైన్సే. నాకు చెప్పడానికి ఒకే ఒక్క కారణం ఉంది, మాటిచ్చాను. దాన్ని ఆ మొహాల ముందు పెట్టాలంటే నోరు రాలేదు. ఏడుపొచ్చింది. అంతమంది ముందు ఏడవడం ఇష్టంలేక పట్కారు కోసం వెతికాను. ఎప్పుడూ ఉండే మేకుకే వేలాడుతోంది.

పట్కారు బాయిలర్ నోట్లో పెట్టాను. అల్లుడుగారు నా చెయ్యి పట్టుకుని ఆపబోయాడు. అప్పుడు వెనకనుంచి ఎవరో, "ఆగండి బాబూ," అన్నారు. ఆ గొంతు ఎవరిదో వీధికి వెంటనే తెలియలేదు. బాబాయిగారు. బనీను మీదే వచ్చి నిలబడ్డారు. "నీళ్ళు వదిలెయ్యండి. మళ్ళీ కాద్దాం."

"టైమైపోద్ది మావయ్యగారూ."

"అవనీ. కావాలన్నోళ్ళు ఉంటారు, లేనోళ్ళు వెళ్తారు." అంతమందిలో ఆయన అంత పొడుగు మాట చెప్పడం నేను ఎప్పుడూ వినలేదు. ఆ తర్వాత ఆయనే వంగి కొళాయి తిప్పారు. నీళ్ళు కొబ్బరిచెట్టు మొదట్లోకి పోయాయి.

నేను బాయిలర్ నోట్లోంచి లాగగలిగినవి లాగాను. అడుగు చువ్వలకి కరిగిన ప్లాస్టిక్ నల్లటి ముద్దగా పట్టేసింది. దాన్ని గీకుతుంటే తీగలు సాగి చేతికి అంటుకుంది, రెండు వేళ్ళు బొబ్బలెక్కాయి. ఆ ముద్దని నేల మీద పడేసినప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళు వెనక్కి జరిగారు. తమ కప్పులూ తమ కవర్లే, అయినా తమ కాళ్ళకి తగలకూడదని. బాబాయిగారు మోపు విప్పి, మోకాలికి ఆనించి పుల్లలు విరవడం మొదలుపెట్టారు. చేతకావడం లేదు. జీవితంలో మొదటిసారి కావచ్చు. పిన్నిగారి కూతురు ఏడుపు ఆపి వచ్చి తండ్రి పక్కన కూచుని తనూ విరిచింది. కాసేపటికి అల్లుడు కూడా చొక్కా చేతులు పైకి మడిచి కొబ్బరి పీచు అందించాడు. ఎండలో కుర్చీలు జరుపుకుంటున్న చప్పుడు వినిపించింది. కొంతమంది వెళ్ళిపోయారు.

పొగ మొదట బూడిదరంగులో లేచింది, తర్వాత తెల్లబడింది. సన్నగా, నిటారుగా. నీళ్ళు కాగాక, చీర అడ్డం కట్టి, పసుపు రాసి, ఆడవాళ్ళం అందరం ఆవిడకి నీళ్ళు పోశాం. నడుము మీద సన్నటి ధార కట్టి పోశాను నేను, నాకు ఆవిడ పోసినట్టు. ఆవిడ లేచి కూచోలేదు. ఆ ఒక్క విషయంలో నాకు మనసు చల్లబడింది.

శ్మశానం నుంచి వచ్చినవాళ్ళకి సందు తలుపు దగ్గర వేణ్ణీళ్ళు పెట్టాను. అందరూ కడుక్కుని వెళ్ళారు. అల్లుడుగారు చివర్లో, రాగి ఈ రోజుల్లో మంచి ధర పలుకుతుందనీ, ఉంచి ఏం చేస్తారనీ మెల్లగా మొదలుపెట్టాడు. బాబాయిగారు వినిపించుకోనట్టు లోపలికెళ్ళిపోయారు.

ముక్త్యాల దగ్గర కృష్ణలో అస్థికలు కలిపి వచ్చిన మర్నాడు పొద్దున బాబాయిగారికి నీళ్ళు కాచి పెడదామని నేను దొడ్లోకి వెళ్ళాను. బాయిలర్ నోట్లోకి చూశాను. లోపల, చువ్వల మీద, అప్పుడే కత్తిరించిన పాల కవరు. దాని మీద చెమ్మ ఇంకా ఆరలేదు. మూలన పాలు మిగిలి ఉన్నాయి. వీధి మొదట్లో ఉండే, నాకు ఫోన్ చేసినావిడ ఇంటికి తప్ప ఆ రంగు కవరు మా వీధిలో ఇంకెవరికీ రాదు. ఛీ అన్నాను. పళ్ళ మధ్యనుంచి వచ్చింది, నాకే తెలియకుండా.

పట్కారుతో దాన్ని తీసి వెనక్కి తిరిగితే గుమ్మంలో బాబాయిగారున్నారు. దాన్ని చూశారు, నన్ను చూశారు. ఆయన వెనక గదిలోకి వెళ్ళిపోతారని తెలుసు కనక నేను సందు తలుపు వైపు కదిలాను.

"ఉండమ్మా," అన్నారు. లోపలికెళ్ళి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గుండీలన్నీ పెట్టుకుని, చెప్పులేసుకుని బయటికొచ్చారు. చెయ్యి చాపి నా చేతిలోంచి పట్కారు తీసుకున్నారు.

వీధిలో ఆయన ముందు, నేను వెనక. కవరు ఒంటికి తగలకుండా చెయ్యి బాగా దూరంగా చాపి పట్టుకున్నారు. గుమ్మాల్లో ముగ్గులు వేస్తున్నవాళ్ళు లేచి నిలబడ్డారు, ఒకరిద్దరు లోపలికెళ్ళారు. వీధి మొదట్లో ఇంటి ముందు ఆగి బెల్లు ఆయనే కొట్టారు. ఆవిడ తలుపు తీసి, ముందు ఆయన మొహంలోకి, తర్వాత పట్కారు కేసి చూసింది.

"మీ వస్తువండీ," అన్నారు బాబాయిగారు, గొంతు సవరించుకుని. "మా బాయిలర్లో పడింది."

ఆవిడ చెయ్యి చాపలేదు. ఆయనా చెయ్యి దించలేదు. కవరు మూలనుంచి ఒక పాల చుక్క జారి, ఆవిడ అప్పుడే వేసిన ముగ్గు మీద పడింది. తర్వాత ఇంకొకటి.